డికాక్షన్ మీద జిడ్డు

1962 చలికాలంలో నేను కరీంనగర్‌లో ఆహార పదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలో జూనియర్ అనలిస్ట్‌గా చేరాను. కొత్త ఉద్యోగం, కొత్త తెల్లకోటు. అద్దం కనిపిస్తే చాలు, ఆగి చూసుకునేవాణ్ణి. నా చేతికి వచ్చిన మొదటి నమూనా చాయపత్తి, అదే టీపొడి. జమ్మికుంట పత్తి మార్కెట్ ఎదురుగా లచ్చవ్వ అనే ఆమె నడిపే హోటల్‌ది. ఆమె డికాక్షన్ మీద జిడ్డు తేలుతోందని, చాయపత్తికి పత్తిగింజల నూనె పట్టిస్తోందని ఊరంతా పుకారు. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ నియమం ప్రకారం ఆమె ఎదుటే నమూనాను మూడు భాగాలు చేసి, లక్కతో సీలు వేసి, ఒకటి ఆమెకిచ్చి, ఒకటి తన దగ్గర ఉంచుకుని, ఒకటి మాకు పంపాడు. రిపోర్టు వచ్చేదాకా హోటల్ మూత.

కొవ్వు తీయడానికి మా దగ్గర ఒక గాజు పరికరం ఉండేది. అందులో ఈథర్ ఆవిరై పైకి పోయి, చల్లబడి, పొడి మీద బొట్టుబొట్టుగా పడి, కొవ్వును కడిగి కిందికి తెస్తుంది. ఈథర్ పోగొట్టాక అడుగున మిగిలింది చూసి నాకు గంతులేయాలనిపించింది. నల్లటి పొడిలోంచి ముదురాకుపచ్చ మైనం! ఆకు పైపొరలోని మైనం, పత్రహరితం నుంచి వచ్చిన రంగు, క్యారెట్‌లో ఉండేలాంటి పసుపు పదార్థం, వాటి మధ్య అసలు కొవ్వు కాస్త. ఆకును వాడబెట్టి చాయపత్తి చేసేటప్పుడు ఆ కొవ్వులో కొంత విరిగిపోవడం వల్లే చాయకు వాసన వస్తుందని తర్వాత చదివి మళ్లీ మురిసిపోయాను. గంధకం కలిపిన ద్రావకంతో వేడిచేస్తే పత్తిగింజల నూనె ఎర్రబడాలి. ఇది ఎర్రబడలేదు. నూనె లేదని రాశాం, సీనియర్ అనలిస్ట్ సంతకం పెట్టారు.

హోటల్ తెరిచారు. ఒక్క మనిషీ రాలేదు. వారం తిరక్కుండానే లచ్చవ్వ కెటిల్ పట్టుకుని బస్సెక్కి మా ముందు వాలింది.

"నూనె లేదని రాసిండ్రు. మరి గిదేంది సారూ?" అని మూత తీసింది. డికాక్షన్ పైన తళతళలాడే పొర. "చాయ్ దుకాణం బందైతే మేం మల్లా మగ్గం మీద కూసునుడే. ముగ్గురు పిల్లలకు గా కూలి సాలది."

ఆకులోని కొవ్వు వేడినీళ్లలోకి పెద్దగా దిగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. అదే చాయపత్తిని మా స్వేదనజలంలో మరిగించాను. పొర లేదు! నీళ్లెక్కడివని అడిగాను.

"కొత్త బాయియి సారూ. గా నీళ్లల్ల పప్పు సుత ఉడుకది."

సున్నం ఎక్కువున్న బావినీళ్లు. ఆ సున్నం చాయలోని వగరుతో కలిసి పొర కడుతోంది. కెటిల్‌లో నిమ్మకాయ పిండాను. పొర చెదిరి మాయమైంది. నూనె అయితే నిమ్మరసానికి కరగదు. సీనియర్ గారు కూడా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

మార్కెట్ రోజున జమ్మికుంటలో బండ్లవాళ్ల మధ్య బావినీళ్ల డికాక్షన్ ఒకటి, స్వేదనజలం డికాక్షన్ ఒకటి, రెండు గ్లాసులు పెట్టి, అదే తంతు చేసి చూపించాను. నిమ్మరసం పడగానే ఈలలు! ఒకాయన ఉత్సాహం పట్టలేక తన పాల చాయలోనూ నిమ్మకాయ పిండుకున్నాడు. అది కాస్తా విరిగింది. "సారూ, గిదేం మోసం?" అని గ్లాసు ఎత్తి చూపేసరికి అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. లచ్చవ్వ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుని, అతనికి ఇంకో చాయ పోసింది. ఆమె వెనక గ్లాసుల కోసం చేతులు చాస్తున్నవాళ్లను చూస్తే నాకు ఆనందంతో ఒళ్లు తెలియలేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక పద్ధతి తప్పలేదు. కల్తీ లేదని రాసిన ప్రతిచోటా, జనానికి కనిపించింది ఏమిటో కూడా రాశాను. మొదటి వాక్యంతో కేసు పోతుంది. రెండోది రాస్తేనే గిరాకీ తిరిగొస్తుంది.