ఏడో అంతస్తులో ఎర్ర బటన్

గుంటూరు దగ్గర మా ఊళ్ళో మేం కొద్ది కుటుంబాలం యూదులం. ఈ మాట చెప్పగానే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఆపుకుంటారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. నవ్వడం అయిపోతే ప్రయాణం మొదలుపెడదాం.

కెనడాలో టొరంటోను ఆనుకుని వాన్ అనే ఊరుంది. అక్కడ ఒక యూదు సంస్థ ప్రతి వేసవిలో వేరే దేశాల నుంచి పదిహేను దాటిన ఆడపిల్లల్ని పిలిపిస్తుంది. పొద్దున ధర్మశాస్త్రం చదవాలి, పగలంతా వృద్ధాశ్రమంలోనో పేదలకు సరుకులు పంచే గోదాములోనో పని చెయ్యాలి, ఐదు వారాల్లో మనసు పెరగాలి. టికెట్టూ తిండీ వాళ్ళవే. మా ప్రార్థన మందిరానికి పెద్ద అయిన ఏలియా పెదనాన్న నా పేరు పంపారు. కారణం నా భక్తి కాదు. మా పిల్లల్లో పాస్‌పోర్టు ఉన్నది నా ఒక్కదానికే.

వాళ్ళ జవాబులో ఒక వాక్యం ఉంది: ఈ అమ్మాయి గురించి మా నివేదిక చూశాకే వచ్చే ఏడు మీ ఊరి నుంచి మరొకరిని పిలిచేదీ లేనిదీ చెబుతాం. ఆ మరొకరు పెదనాన్న కూతురు రిబ్కా. వయసు పదిహేను. అప్పటికే స్వెట్టర్ కొనేసింది. "అక్కా, నువ్వు అక్కడ ఏదన్నా ఎచ్చులకు పోయి చెడగొట్టావనుకో, ఇక్కడికి మాత్రం రాబాక" అని ఆశీర్వదించి పంపింది.

మంగళవారం తెల్లవారుజామున అయిదూ నలభైకి గుంటూరులో రైలు. పదకొండున్నరకు సికింద్రాబాదు, రెండు గంటలకు శంషాబాదు, సాయంత్రం విమానం, దోహాలో పది గంటల పడిగాపులు. నాకు కోషెర్ భోజనం బుక్ చేశారు, అంటే మా నియమాల ప్రకారం వండింది. దాన్ని అందరికంటే ముందు, సీలు వేసి, నా పేరు గట్టిగా పిలిచి మరీ ఇచ్చారు. పక్క సీట్లో, టొరంటో పక్కనే ఉన్న ఎటోబికోలో కొడుకు దగ్గరికి వెళ్తున్న రిటైర్డ్ డాక్టరుగారు.

"షుగరామ్మా? ఇంత చిన్న వయసులోనా?"

"కాదంకుల్. యూదులం."

ఆయన కాసేపు ఆలోచించి, "దానికి ఇప్పుడు మంచి మందులే వచ్చాయిలే" అన్నారు. చెవి మిషను తీసి జేబులో పెట్టుకున్నారని తర్వాత చూశాను.

టొరంటోలో దిగేసరికి బుధవారం మధ్యాహ్నం మూడు. ఇమ్మిగ్రేషన్ గాజు వెనక అధికారి, ఎందుకొచ్చావని అడిగాడు. సేవ చెయ్యడానికి అన్నాను. "మీ దేశంలో ఎవరికీ సేవ అక్కర్లేదా?" అన్నాడు నవ్వకుండా. కాగితాలు ఇచ్చాను. ముద్ర కొట్టాడు. ఆ ముద్ర చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డాను.

బయట హన్నా మేడమ్ నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఉన్నారు. ఆ సంస్థ నడిపే రబ్బీగారి, అంటే మతగురువుగారి భార్య, యాభై ఏళ్ళు, ఆరుగురు పిల్లల తల్లి, వ్యాను తోలడంలో మన ఆర్టీసీ డ్రైవర్లకు చెల్లెలు. నివేదిక రాసేది ఆవిడే. దారి పొడుగునా గోదాములే, ఒక్కొక్కటీ మా ఊరంత. వాటి వెనక ఒక వీధిలో వాళ్ళ ఇల్లు, కింద బేస్‌మెంట్లో మా పదకొండు మంది పడకలు. నా పక్క పడక లండన్ నుంచి వచ్చిన మిరియమ్‌ది. పదహారేళ్ళు. నిద్రలో తప్ప మాట్లాడడం ఆపదు, నిద్రలోనూ గ్యారంటీ లేదు.

నా భయం మరునాడు ఉదయం ఏడింటికి, ప్రార్థనలో మొదలైంది. వాళ్ళంతా హీబ్రూ పుస్తకం నీళ్ళు తాగినట్టు చదువుతున్నారు. నేను మాత్రం తెలుగు లిపిలో రాసుకొచ్చిన నోటుబుక్కు పుస్తకం లోపల దాచి, ఒక మాట వెనకగా పెదాలు కదుపుతున్నాను. 'ఆమేన్' మాత్రం అందరితో సమానంగా, కొంచెం గట్టిగానే అనేదాన్ని. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడగకపోవడమే భయం. అడిగితే చెప్పొచ్చు. అడగనివాళ్ళు మనసులో ఏం అడుగుతున్నారో ఎలా చెప్పడం?

ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. అనుమానం రాకుండా ఉండాలంటే అందరికంటే కఠినంగా ఉండాలి. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా మాకు సబ్బాతు. నిప్పు ముట్టకూడదు, స్విచ్చి కూడా నిప్పు కిందే లెక్క. మా ఊళ్ళో పెదనాన్న ఈ విషయంలో పులి. ఫ్యాను ఆగి ఉంటే ఆగే ఉంటుంది, మేం ఉడుకుతూనే ఉంటాం. ఆ శిక్షణంతా ఇక్కడ వాడేశాను. మొదటి శనివారం తలుపు దానంతటదే తెరుచుకునే షాపు ముందు నుంచి కూడా నడవనని చుట్టూ తిరిగి వెళ్ళాను.

"నువ్వు మా అమ్మమ్మ కంటే భయంకరం" అంది మిరియమ్. నాకది డిగ్రీ పట్టా ఇచ్చినట్టు అనిపించింది.

మామూలు రోజుల్లో ఎనిమిదీ పదికి బస్సు, నాలుగు డాలర్ల పైన టికెట్టు, పావుగంటలో వృద్ధాశ్రమం. ఆ బస్సులోనే రోజూ గోదాముకు డ్యూటీకి వెళ్ళే కరీంనగర్ అబ్బాయి ఒకడు, మెరిసే చొక్కా వేసుకుని. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడటం విని మొహం వెలిగిపోయింది.

"తెలుగోళ్ళా! చర్చ్ తరఫున వచ్చిన్రా?"

"కాదండీ, యూదులం."

"అంటే క్రిస్టియన్సే గదా?"

"కాదు."

"ముస్లింసా?"

"కాదు."

"మరి పండుగలకు లీవ్ ఎట్ల అప్లై చేస్తరు?" అన్నాడు. ఐదు వారాల్లో నన్ను అడిగిన ప్రశ్నల్లో తిన్నగా అర్థమైంది అదొక్కటే.

వృద్ధాశ్రమంలో నాకు అప్పజెప్పింది ఏడో అంతస్తులో ఫ్రీడా గారిని. తొంభై దాటాయి. పిల్లలు లేరు. గుండె మందులు పొద్దున నాలుగు, సాయంత్రం మూడు. మొదటి రోజే నన్ను పైకీ కిందికీ చూసి, "సన్నగా ఉన్నావు. నిన్ను నేను చూసుకోవాలా, నన్ను నువ్వు చూసుకోవాలా?" అన్నారు. నేను పేపరు చదివి వినిపించాలి. ఆవిడ ప్రతి వార్తకూ "అబద్ధం" అనాలి. ఇద్దరం పని బాగా చేశాం.

మూడో శనివారం. మధ్యాహ్న భోజనం అయ్యాక మిరియమూ నేనూ నడిచి వెళ్ళాం, నలభై నిమిషాలు. తను మూడో అంతస్తులో ఆగింది. ఆ భవనంలో సబ్బాతు రోజు లిఫ్టుకు బటన్ నొక్కక్కర్లేదు. దానంతటదే పైకీ కిందికీ తిరుగుతూ ప్రతి అంతస్తులో ఆగి, తలుపు తెరిచి, తీరిగ్గా మూస్తుంది. గోడ గడియారంలో నాలుగూ పది అయింది. ఫ్రీడా గారు కేకు ముక్క సగం తిని, పక్క గది ఆవిడ విగ్గు గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయారు. నుదుటి మీద చెమట. మొహం మైదాపిండి రంగుకొచ్చింది. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది, తల పక్కకు వాలింది.

మంచం పక్కన గోడకు ఎర్ర బటన్ ఉంది. నర్సును పిలవడానికి. మొదటి రోజే చూపించారు.

నా వేలు దానిదాకా వెళ్ళింది. నిజంగా వెళ్ళింది. జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ క్షణంలో నాకు దేవుడు గుర్తు రాలేదు. పెదనాన్న గుర్తొచ్చారు. హన్నా మేడమ్ నివేదిక గుర్తొచ్చింది. 'చూశావా, సబ్బాతు రోజు బటన్ నొక్కింది, ఏం యూదురాలు' అని పది మంది ఆడపిల్లలు అనబోయే మాట వాళ్ళ గొంతులతో సహా వినిపించింది. వేలు వెనక్కి తీసుకుని పరిగెత్తాను.

లిఫ్టు రెండో అంతస్తులో ఆగి ఉందని పైన అంకె చూపిస్తోంది. మెట్లు దిగాను. ఏడు, ఆరు, అయిదు. నాలుగో అంతస్తులో ఒక చెప్పు ఉండిపోయింది. నా ఊపిరి నాకే ఎవరో తరుముతున్నట్టు వినిపిస్తోంది. ఆవిడ ఈపాటికి పోయి ఉంటారు, పోయి ఉంటారు అని మెట్టు మెట్టుకూ అనుకుంటూ కింద కౌంటరు మీద పడ్డాను. నర్సు కౌంటరు దాటి పరిగెత్తింది. గార్డు అంబులెన్సుకు ఒకటి, ఇంకెవరికో ఒకటి ఫోన్లు చేశాడు.

స్ట్రెచరు కిందికి వస్తుండగా వాకిట్లో వ్యాను వచ్చి కీచుమని ఆగింది. తోలుకొచ్చింది హన్నా మేడమ్. సబ్బాతు రోజు. చేతిలో మోగుతున్న ఫోను. తలకు కట్టిన స్కార్ఫు జారిపోయి ఉంది. ఫోన్లో ఆస్పత్రివాళ్ళకు మందుల పేర్లు చెబుతూ, రెండో చేత్తో అంబులెన్సు తలుపు పట్టుకున్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేనొక్కదాన్నే, ఒంటి చెప్పుతో, నోరు తెరుచుకుని నిలబడ్డాను. ప్రాణం మీదికొస్తే సబ్బాతు పక్కకు జరుగుతుందన్న ముక్క ఆ వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నాకు తెలియదు. మా ఊళ్ళో ఎవరికన్నా ఒంట్లో బాగాలేకపోతే ఆర్‌ఎంపీ డాక్టరు పక్క వీధి నుంచి నడిచి వస్తాడు. ఆ ప్రశ్నే ఎప్పుడూ రాలేదు.

అంబులెన్సు ఎక్కబోతూ మేడమ్ ఒక్క మాట అడిగారు. "గదిలో బటన్ లేదా?"

"కనిపించలేదు" అన్నాను.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళేసరికే నేను వీరురాలిని. మిరియమ్ కథ చెబుతుంటే ఏడు అంతస్తులు తొమ్మిదయ్యాయి. ఆదివారం ఉదయానికి చెప్పులు రెండూ పోయాయి, మోకాలు చీరుకుపోయింది. ఇంకో రోజు ఆగితే ఫ్రీడా గారిని భుజాన వేసుకుని దిగేదాన్ని. ఒకమ్మాయి నా పడక మీద చాక్లెట్టు పెట్టింది. తినలేక రిబ్కా కోసం దాస్తున్నానని చెప్పాను. ఫోన్ మోగిన ప్రతిసారీ బేస్‌మెంటు మెట్ల దగ్గరికి వెళ్ళి చెవి పెట్టేదాన్ని. ఆస్పత్రి నుంచి ఒకటే మాట: ఇంకా చెప్పలేం.

సోమవారం నాలుగింటికి వంటింట్లో మేడమ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నారు. నేనూ ఒక పీలర్ తీసుకుని కూర్చున్నాను. నాలుగు దుంపలయ్యాక చెప్పేశాను.

"బటన్ కనిపించింది మేడమ్. నొక్కలేదు."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"అందరూ ఏమనుకుంటారోనని."

"గదిలో ఎవరూ లేరు కదా."

"అయినా అందరూ ఉన్నారు మేడమ్."

చేతిలో పీలర్ పక్కన పెట్టారు. తర్వాత, "ప్రాణం పోతుంటే ఆ రోజు బటన్ నొక్కడమే ఆజ్ఞ. నొక్కొచ్చా అని అడుగుతూ నిలబడినవాడిది కూడా తప్పే" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఇది నివేదికలో రాస్తాను. మొత్తం."

"రాయండి" అన్నాను. రిబ్కా స్వెట్టర్ కళ్ళ ముందు కనిపించింది. ఎండాకాలం గుంటూరులో అది ఎవరికి పనికొస్తుంది?

బుధవారం ఫ్రీడా గారిని చూడనిచ్చారు. ముక్కులో గొట్టం, చేతికి సూది, నోరు మాత్రం యథాతథం. నేను నోరు తెరిచేలోపే, "నీ వేలు చూశాను" అన్నారు. "కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. వేలు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నీ మొహం ఎలా ఉందంటే, నాకంటే నువ్వే ముందు పోతావనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ హాస్యమాడటానికి చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

"క్షమించండి" అన్నాను.

"క్షమించను. ఇంకా కోపంగా ఉంది," అన్నారు. "రేపు పేపరు పట్టుకురా."

మిగతా రెండు వారాలూ రోజూ తీసుకెళ్ళాను. ఆవిడ అబద్ధం అనని వార్త ఒక్కటీ రాలేదు. ఆఖరి రోజు చెయ్యి పట్టుకుని, క్షమించారో లేదో చెప్పకుండా, "తిండి తిను" అన్నారు.

తిరుగు ప్రయాణం బుధవారం రాత్రి. దోహాలో వైఫై అందగానే నివేదిక వచ్చింది, పెదనాన్నకు పంపిందే నాకూ. రెండు పేజీలు. మొదటి పేజీ చదవడానికి ఒక విమానం తప్పిపోయేంత సేపు పట్టింది. బటన్ ఉంది. అబద్ధం ఉంది. బంగాళాదుంపలు లేవు గానీ సోమవారం నేను ఒప్పుకోవడం ఉంది. చివర్న: రిబ్కాను పంపండి. వచ్చేలోపు ఆమెకు సబ్బాతు నియమాలు నేర్పవలసింది ఈ అమ్మాయే, ఇంకెవరూ కాదు.

శుక్రవారం మధ్యాహ్నం సికింద్రాబాదులో గుంటూరు రైలెక్కాను. మీలో ఎవరన్నా ఇలాంటి సేవకు వెళితే, చలి దుస్తులూ కందిపొడీ సరే, ఒక్క మాట. కొత్త చోట నన్ను భయపెట్టింది అక్కడివాళ్ళు కాదు. వాళ్ళ తలల్లో నేను కూర్చోబెట్టిన నా ఊరివాళ్ళు.

నల్గొండ దాటాక ఫోను. రిబ్కా అరుపులు: "అక్కా, నేను కూడా పోతన్నా! నాన్న ఇంగ్లీషు మెయిలు సగం చదివి మురిసిపోతన్నాడు!" ఇంతలో పెదనాన్న ఫోను లాక్కున్నారు. వెనకాల మందిరంలో జనం గొడవ వినిపిస్తోంది, సాయంత్రం ప్రార్థనకు చేరుతున్నట్టున్నారు. స్పీకరులో పెట్టారని అర్థమైంది.

"ఏమ్మా, అక్కడ సబ్బాతు గట్టిగా పాటించావంటగా? మనోళ్ళందరూ వింటన్నారు, చెప్పు."

"తప్పు చేశాను పెదనాన్నా. నా వల్ల ఒక ముసలావిడ చనిపోబోయింది."

గొడవ ఆగిపోయింది.

"ఏం ముట్టుకున్నావే?" అన్నారు, గొంతు తగ్గించి.

"ఏమీ ముట్టుకోలేదు" అన్నాను.