అవ్వ చెప్పని ఉలవచారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉలవలు ఉడికాయంటే గింజలు ఎద్దులకి, నీళ్ళు మనుషులకి. ఉదయగిరి కొండ కనిపించే మెట్ట ఊరు మాది. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఉలవలు మాత్రం ఏ ఏడైనా ఎంతో కొంత చేతికొచ్చేవి. తెల్లవారగానే పెరటి పొయ్యి మీదికి పెద్ద కుండ ఎక్కేది. గింజ మెత్తబడ్డాక ఆ నీళ్ళు వార్చుకుని, మట్టి దాకలో పోసి, చింతపండు పులుసు, ఉల్లిపాయలు, కాస్త బెల్లం వేసి సన్నటి సెగ మీద చిక్కబడేదాకా కాస్తే ఉలవచారు. వేడి అన్నంలో ఆ చారు పోసుకుని, మీద ఇంత వెన్న వేసుకుంటే ఆ పూటకి ఇంకో కూర అక్కర్లేదు.

మా నాయన తల్లి, అంటే మా అవ్వ, ఆ చారుకి పేరుపడ్డ మనిషి. కలిగిరి నుంచి, దుత్తలూరు నుంచి వచ్చే చుట్టాలు ముసలమ్మ చారు ఉందో లేదో కనుక్కుని మరీ కాళ్ళు కడుక్కునేవాళ్ళు. తాతయ్య పోయాక అవ్వ మాటకి ఇంట్లో విలువ తగ్గుతూ వచ్చింది. పొలం సంగతులు నాయన చూసుకునేవాడు. కొట్టుగది తాళాలు అమ్మ కొంగుకి చేరాయి. చారు ఒక్కటే అవ్వ పేరు మీద మిగిలింది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు తెలియదు.

అమ్మ ఆత్మకూరు పక్కన, చెరువు కింద వరి పండే ఊరి పిల్ల. వాళ్ళ ఇంట్లో ఉలవలు వండుకునే అలవాటు లేదు. పెళ్ళయి వచ్చాక చారు కాయడం అవ్వ దగ్గరే నేర్చుకుంది. అవ్వ చెప్పినట్టే, ఒక్కటి కూడా తప్పకుండా చేసేది. అయినా అమ్మ చేస్తే చారు పలచగా, వట్టి పులుపుగా ఉండేది. నాయన ఒక ముద్ద కలిపి, తలెత్తి అవ్వ వైపు చూసేవాడు. ఆ చూపు చాలు.

ఎందుకలా అయ్యేదో నాకు తెలుసు. పెరట్లో ఆడుకుంటూ నేను చూసేదాన్ని. అవ్వ చారు కాసేటప్పుడు, అది సగానికి ఇగిరే వేళకి సరిగ్గా అమ్మని నీళ్ళకి పంపేది. బావి ఊరి చివర. అమ్మ బిందె తీసుకుని మలుపు తిరగగానే అవ్వ లేచేది. చాటు చేసి ఉంచిన గుప్పెడు ఉడికిన ఉలవలు తీసి, వేయించిన ధనియాలు, చిటికెడు మెంతులు కలిపి రోట్లో వెన్నలా నూరి దాకలో కలిపేది. చారుకి చిక్కదనమూ ఆ కమ్మటి వాసనా దాంతోనే వచ్చేవి. తర్వాత రోలు శుభ్రంగా కడిగి, తడి కనపడకుండా తుడిచేసేది. నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, “అమ్మకి చెప్పబాక పాపా” అనేది. అదేదో అత్తా కోడళ్ళు ఆడుకునే ఆట అనుకున్నాను.

ఆట కాదని మా మేనత్త నిశ్చితార్థం రోజున తెలిసింది. పెళ్ళికొడుకు వాళ్ళది వింజమూరు. పొద్దున్నే అవ్వ తనకి చేతులు లాగుతున్నాయని, ఈ రోజు చారు కోడలే కాస్తుందని అందరి ముందూ చెప్పింది. అమ్మ అవ్వ ముఖంలోకి చూసి, సరే అత్తా అంది. ఆ రోజు అమ్మ వండినవన్నీ బాగానే కుదిరాయి. వంకాయ కూర, గోంగూర పప్పు, బొబ్బట్లు, అన్నీ అడిగి వేయించుకున్నారు. చారు దగ్గరికి వచ్చేసరికి పంక్తిలో చేతులు నెమ్మదించాయి. పెళ్ళికొడుకు మేనమామ, ఈ ఇంటి చారు గురించి చాలా విన్నామే అని నవ్వాడు.

అప్పుడు అవ్వ కదిలింది. చేతులు లాగుతున్నాయన్న మనిషి గడ్డివామి వెనక పొయ్యి పెట్టి, ఇంకో దాక కాచి ఉంచింది. దాన్ని తనే మోసుకొచ్చి పంక్తిలో వడ్డించింది. “మా కోడలు పల్లపు ఊరి పిల్ల కదా. ఇంకా చెయ్యి తిరగలా” అని నవ్వుతూ చెప్పింది. వాళ్ళూ నవ్వారు. నాయన మాత్రం నవ్వలేదు. లోపలికి వచ్చి, అమ్మ కాచిన దాకని రెండు చేతులా ఎత్తి, అందరూ చూస్తుండగానే తీసుకెళ్ళి ఎద్దుల తొట్లో కుమ్మరించాడు. అమ్మ అప్పుడు మజ్జిగ వడ్డిస్తోంది. పంక్తి చివరిదాకా వడ్డించింది. ఒక్క చుక్క కింద పడలేదు.

మర్నాడు పొద్దున నీళ్ళకి నేనూ అమ్మ వెంట వెళ్ళాను. బావి దగ్గర ఎవరూ లేనప్పుడు చెప్పేశాను. అవ్వ ఉలవలు నూరి కలుపుతుందనీ, రోలు కడిగేస్తుందనీ అన్నీ చెప్పాను. అమ్మ చేద లాగుతూనే ఉంది.

“తెలుసు” అంది.

నాకు అర్థం కాలేదు. ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

“నువ్వు పుట్టకముందు నుంచీ. రోలు కడిగితే మాత్రం వాసన పోతాదా?”

మరి అలాగే చేయొచ్చు కదా అన్నాను. అమ్మ బిందె నింపుకుని, చుట్టకుదురు సర్దుకుని, అప్పుడు జవాబు చెప్పింది. “ఆమె నేర్పంది చేస్తే దొంగ అంటాది. నేర్పింది చేస్తే చేతకాంది అంటాది. దొంగనిపించుకునేదానికన్నా ఇదే నయం.”

మేనత్త పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆ ఏడాది వానలు వెనకబట్టాక ఒక ఉదయం అవ్వ పెరట్లో పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం మిగిలింది. వసారాలో నులక మంచం వేసి పడుకోబెట్టారు. స్నానం, తిండి, దుప్పట్లు ఉతకడం అన్నీ అమ్మే. ఒక్క రోజు కూడా ఆమె ముఖం చిట్లించగా నేను చూడలేదు. కన్న కూతురు కూడా ఇంత చెయ్యదని ఊళ్ళో అందరూ అనుకున్నారు, అది నిజం కూడా. కొన్నాళ్ళకి జావ తాగి తాగి నోరు చచ్చిపోయిన అవ్వ, ఉలవచారు తినాలని ఉందంది.

ఆ రోజు నా కళ్ళ ముందు నుంచి ఇంకా పోలేదు.

అమ్మ పెరటి పొయ్యి వదిలేసి, అవ్వ మంచానికి ఎదురుగా, వసారా కిందే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. రోలు కూడా దొర్లించుకొచ్చి పక్కన పెట్టింది. ప్రతిదీ అవ్వకి చెప్పి చేసింది. నీళ్ళు వార్చేశాను అత్తా. ఇప్పుడు చింతపండు అత్తా. ఇప్పుడు బెల్లం. అవ్వ ఎడమ పక్కకి ఒత్తిగిలి చూస్తూ ఉంది. చారు ఉడికి ఉడికి సగానికి దిగింది. అమ్మ గరిటె పక్కన పెట్టింది. ఉడికిన ఉలవలు గిన్నెలో ఉన్నాయి, రోలు పక్కనే ఉంది. అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అవ్వనే చూస్తూ కూర్చుంది.

“ఇంకేమన్నా ఉండాదా అత్తా?”

మామూలుగానే అడిగింది. గొంతులో వెటకారం లేదు. ఉంటే నాకు బాగుండేదేమో. నేను అవ్వ ముఖం వైపు చూశాను. పెదవులు కదిలాయి. చెబుతుందనే అనుకున్నాను. మంచం పక్కకి వెళ్ళి, “చెప్పవ్వా” అన్నాను కూడా. అవ్వ నా వైపు చూసింది. రోలు వైపు చూసింది. అమ్మ వైపు మాత్రం చూడలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

“ఇంకేముండాది. దించు.”

అమ్మ దించింది. తాలింపు పెట్టింది, అన్నం కలిపింది, తన చేత్తోనే ముద్దలు పెట్టింది. అవ్వ రెండు ముద్దలు మింగి నీళ్ళడిగింది. ఎలా ఉందత్తా అని అమ్మ అడిగింది. బాగుండాదిలే అంది అవ్వ. అమ్మ మూతి తుడిచి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళి, నువ్వే నూరి వెయ్యొచ్చు కదమ్మా అని ఏడ్చాను. అడగనీ, అడిగితే ఇప్పుడే వేస్తా అంది అమ్మ. నన్ను దగ్గరికి తీసుకోలేదు.

ఆ తర్వాత కూడా అవ్వ అప్పుడప్పుడూ చారు కావాలనేది. అమ్మ కాచేది. ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి ఆగి, ఇంకేమన్నా ఉందా అని అడిగేది. ప్రతిసారీ అవ్వ గోడ వైపు తిరిగేది. ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది.

పెద్దదినం నాడు అమ్మ ఎవరినీ వంటింట్లోకి రానివ్వలేదు. అవ్వకి పెట్టే విస్తట్లో వడ్డించినవాటిలో ఉలవచారు ఉంది. చిక్కగా, ఎర్రగా, ఇల్లంతా ఆ వాసనే. భోజనాల్లో చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాయన ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మేనత్త ఏడుస్తూ, “అచ్చం మాయమ్మ చెయ్యే. నీకెప్పుడు నేర్పింది వదినా?” అని అడిగింది.

“పోయేముందు” అంది అమ్మ.

ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. అత్త పోయిన దుఃఖం అనుకున్నారు. నేనూ ఆ చారు వేసుకోలేదు. బతికున్న మనిషి అన్ని నెలలు నోరు తెరిచి అడిగితే పెట్టనిది, చచ్చిపోయాక ఆకులో పెట్టింది మా అమ్మ. అవ్వ చేసింది మోసమని నాకు తెలుసు. కానీ అమ్మ చేసినదానికి ఏం పేరు పెట్టాలో ఆ వయసులో తెలియలేదు. ఈ వయసులోనూ తెలియదు. చెడ్డవాళ్ళే చెడు చేస్తారని అప్పటిదాకా అనుకునేదాన్ని. దుప్పట్లు ఉతికి, వీపు తుడిచి, పుండ్లు పడకుండా కాపాడిన చేతులే గుప్పెడు ఉలవలు నూరడానికి ముందుకి రాకుండా ఉండగలవని ఆ వసారాలో నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత, అమ్మ ముసలిదయ్యాక, ఒకసారి అడిగాను. ఒక్క మాట అడిగుంటే పెట్టేదాన్ని కదే అంది. ఆ మాట అంటూ ఆమె నా ముఖంలోకి చూడలేదు.

ఇప్పుడు నేను ఆత్మకూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. కోడలు మంచి పిల్ల, ఉద్యోగం చేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే నాకు తెలిసిన వంటలన్నీ, అడిగినవీ అడగనివీ, చెప్పేశాను. నస అనుకున్నా ఫరవాలేదనుకున్నాను. అయినా ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం కదా. మొన్న ఏదో చిన్న విషయానికి మాటా మాటా పెరిగి, ఇద్దరం పలకరించుకోవడం మానేశాం. నాకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై మంచం దిగలేకపోయిన రోజున కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. ఒక గుక్క తాగాను, చక్కెర లేదు. మరిచిపోయిందో, కావాలనే వేయలేదో నాకు తెలియదు. ఇంకేమైనా కావాలా అత్తయ్యా అని అడిగింది.

నా ముఖం దానంతటదే గోడ వైపు తిరుగుతోందని గమనించాను. మెడ అటు వెళ్ళిపోతోంది, నాలుక పైకి లేవట్లేదు. అంత చిన్న మాటకి అంత బరువు ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు. ఎలాగో ఇటు తిరిగి, చక్కెర వెయ్యమ్మా అన్నాను. వేసి తెచ్చింది. తాగాను.

ఆ రోజు నుంచి మా అవ్వ మీద కోపం కొంత తగ్గింది. అమ్మ మీద మాత్రం ఇంకా తగ్గలేదు.