గేటు అవతల ఎవరున్నారు

మా ఆశ్రమ పాఠశాల ఆఫీసు గదిలో కరెంటు పోయిందంటే, బల్ల కింద ఉన్న యూపీఎస్ ఆగి ఆగి కీచుమంటుంది. పెదబయలు వైపు వానాకాలంలో అది రోజుకు నాలుగైదు సార్లు వినబడే మోత. మొన్న పిల్లల హాజరు వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తుండగా మళ్లీ కీచుమంది. రెండో కూత వినబడేలోగా నా చేతులు వాటంతటవే ముందు చేసిన పని భద్రం చేసి, తెరిచినవన్నీ మూసి, మెషిన్ ఆపేశాయి. "అంత కంగారేటండి మేడమ్, ఇంకా పావుగంట వస్తాది గదా," అన్నాడు మా గుమాస్తా. అది కంగారు కాదు. ముప్పు దూరాన ఉండగానే చేతిలో ఉన్నది గట్టున పెట్టడం నాకొక మనిషి నేర్పాడు. ఆయన పేరు దానియేలు గారు. అరకులో అందరూ ఆయన్ని గార్డు గారనేవారు.

ఆయన కిరండోల్ లైనులో ఇనుప రాయి మోసే గూడ్సు బళ్లకు గార్డుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు విజయనగరం వైపు పల్లె. ముప్పై ఏళ్లు ఈ కొండల సొరంగాల గుండా తిరిగిన మనిషి కనుక, దిగువకి పోతే ఊపిరాడదని అరకులోనే ఉండిపోయారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఊళ్లో ఇంటర్నెట్ అనే మాట అప్పుడప్పుడే వినబడుతున్న రోజుల్లో, ఇంటి ముందు గదిలో అయిదు కంప్యూటర్లు పెట్టి సెంటరు తెరిచారు. లోపలి గదిలోంచి ఆయన భార్య రూతమ్మ గారి కాఫీ వాసన, బయటి నుంచి తడిసిన మట్టి వాసన, మధ్యలో వేడెక్కిన కంప్యూటర్ల దుమ్ము వాసన కలిసి ఉండేవి ఆ గదిలో.

నేను మొదటిసారి వెళ్లింది టీచరు పరీక్ష ఫలితం చూసుకోవడానికి. అప్పటికి డిగ్రీ, టీచరు ట్రైనింగు అయి రెండేళ్లు. మా ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని, ఆ గొప్ప నా తల మీద బరువుగా ఉండేది. లోపలికి వెళ్లేసరికి ఖాకీ స్వెట్టరులో ఒక పెద్దాయన, కళ్లజోడు ముక్కు చివరకు జార్చుకుని, నల్లటి తెర ముందు కదలకుండా కూర్చుని ఉన్నారు. తెర మీద చుక్కలు, వాటి మధ్య అగ్గిపెట్టెంత నౌక.

"ఏవండీ, రిజల్టు చూడాలి," అన్నాను.

"ఒక్క నిమిషం ఆగు తల్లీ. గేటు అవతల దొంగలున్నారు."

నేను వెనక్కి తిరిగి వీధి గేటు వైపు చూశాను. రూతమ్మ గారు లోపల్నుంచి పకపకా నవ్వారు. "అక్కడ కాదమ్మా, ఆకాశంలో! పొద్దుట్నుంచీ అలాగే కూకున్నారు, కదల్రు, మెదల్రు."

ఆ నిమిషం ఇరవై నిమిషాలైంది. అంతసేపూ ఆయన నౌకను కదపలేదు. తెర పక్కన వస్తూ పోతూ ఉన్న పేర్ల జాబితా చూస్తూ, నోటుబుక్కులో ఏవో రాసుకున్నారు. చివరికి నౌకను వెనక్కి తిప్పి, ఒక స్టేషనులో నిలిపి లేచారు. "ఈ రోజు పని కాదు," అన్నారు, ఏ బాధా లేకుండా. ఆ తరువాత నా నంబరు కొట్టి చూశారు. నా పని కూడా ఆ రోజు కాలేదు. రెండోసారి తప్పాను.

ఇంటికెళ్లడానికి మొహం చెల్లక అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆయన ఓదార్చలేదు. "టైపింగ్ వచ్చునా? రేపట్నుంచి రా. దరకాస్తులు రాయించుకోడానికొచ్చే జనానికి నీలాటి సదువుకున్న గుంట కావాలి," అన్నారు. అలా చేరాను.

ఆ ఆట గురించి కొంచెం చెప్పాలి. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది ఒకేసారి ఆడేది. ఎవరి నౌక వాళ్లది. ఆకాశంలో తేలే రాళ్ల నుంచి ఖనిజం తవ్వుకుని దూరపు స్టేషన్లకు చేర్చాలి. ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి వెళ్లాలంటే మధ్యలో ఒక గేటు దాటాలి. కొన్ని దారుల్లో కాపలా ఉంటుంది, కొన్నింటిలో ఎవరూ ఉండరు. ఆ దిక్కులేని దారుల్లో గేటు అవతల దొంగలు కాపు వేస్తారు. వాళ్లూ ఎక్కడో కుర్చీల్లో కూర్చున్న మనుషులే. దగ్గర్లో ఎవరి నౌకలున్నాయో వాళ్ల పేర్లు తెర పక్కన కనబడతాయి. వాళ్ల చేతికి చిక్కితే నౌక, సరుకు, నెలల కష్టం రెప్పపాటులో బూడిద. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. దానియేలు గారికి ఆ ఆట నచ్చింది అందుకే. "పోతే తిరిగొస్తాదనుకుంటే మనిషి జాగర్త నేర్సుకోడు," అనేవారు.

సెంటరులో జనం లేని మధ్యాహ్నాల్లో నేనూ మొదలుపెట్టాను. మూడు నెలలు రాళ్లు తవ్వి ఒక సరుకు నౌక సంపాదించాను. మొదటి ప్రయాణంలోనే, దారి చూపించి వదిలేస్తే నౌక దానంతటదే వెళుతుంది కదా అని, వదిలేసి లోపలికి వెళ్లాను. రూతమ్మ గారు పకోడీలు వేస్తున్నారు. తిరిగి వచ్చేసరికి తెర మీద నౌక లేదు. దాని ముక్కలు తిరుగుతున్నాయి. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"కాగితం తియ్యి," అన్నారు గార్డు గారు.

"ఎందుకండీ?"

"ఎక్కడ పోనాది, అంతకుముందు సుట్టూ ఎవులున్నారు, అప్పుడు నువ్వేటి సేత్తన్నావు, ఏటనుకున్నావు. నాలుగూ రాయి."

నేను కోపంగా 'దురదృష్టం' అని రాసి ఇచ్చాను. ఆయన ఆ మాట మీద అడ్డంగా గీత గీసి కాగితం మళ్లీ నా ముందుకి తోశారు. "ఈ మాట రాసీసినావంటే ఇంక నేర్సుకోడానికి నీకేటీ మిగల్దు. మళ్లీ రాయి."

రెండోసారి రాశాను. చుట్టూ ఎవరున్నారో చూడలేదు. పకోడీలు తింటున్నాను. నాలాంటి చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారులే అనుకున్నాను. ఆయన మొహంలో ఒక్క గీత కదలకుండా చదివి, "బాగుంది," అన్నారు. తరువాత, నేను ఊహించని మాట అన్నారు. "పరీచ్చకి కూడా రాయి."

ఆ కాగితం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అప్పటిదాకా అందరితో, నాతో నేను కూడా, తలరాత బాగోలేదనే చెప్పుకున్నాను. రాయడం మొదలుపెడితే నిజం బయటపడింది. లెక్కల ప్రశ్నలు రెండుసార్లూ చివరికి వదిలేశాను. రెండుసార్లూ టైము చాలలేదు. లెక్కలంటే చిన్నప్పటి నుంచి భయం, ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు, డిగ్రీ చదివిన పిల్లకి భయమేమిటంటారని. ఆయన చదివారు. మర్నాటి నుంచి సెంటరు తెరిచే ముందు గంటసేపు నాతో లెక్కలు చేయించారు. బళ్ల బరువులు, వాలు, వేగం, దూరం, ఆయనకు తెలిసిన లెక్కలన్నీ.

ఒకసారి అడిగాను, ఇంత జాగ్రత్త ఎక్కడ అలవడిందని. ఘాటు దిగబోయే ముందు ఒకరోజు తన బ్రేకు వ్యానులో బ్రేకుల గాలి ఒత్తిడి చూపే ముల్లు ఉండవలసిన చోటుకి వెంట్రుకవాసి కింద ఉందట. వానలో గొడుగు కూడా లేకుండా బండి పొడుగునా నడిచి, ప్రతి గాలి గొట్టం చేత్తో తడిమి చూశారట. ఎక్కడో మధ్యలో ఒకటి బుసకొడుతోంది. అది బాగయ్యేదాకా పచ్చజెండా ఊపలేదు. ఇంజను డ్రైవరు తిట్టాడు. పైవాళ్లు ఆలస్యానికి సంజాయిషీ అడిగారు.

"రాశారా?"

"రాసినాను. బతికున్నోడే గదా సంజాయిషీ రాసేది," అన్నారు.

నేను చేరిన రెండో ఏడు, ఆటలో మేమిద్దరం కలిసిన జట్టు ఒక పెద్ద పని తలపెట్టింది. తొమ్మిదిమందిమి, ఎనిమిది ఊళ్లు. పెద్దరికం నాగపూరులోని ఒక లెక్చరరుది. ఎనిమిది నెలలు అందరం తవ్వినదంతా పెట్టి ఒక భారీ సరుకు నౌక కట్టాం. జట్టు సొత్తంతా అందులో నింపి కొత్త స్టేషనుకు చేర్చాలి. ఏడు గేట్లు, చివరి రెండింటికీ కాపలా లేదు. దానియేలు గారి కంట్లో అప్పటికే పొర కమ్ముతోంది. అందుకని పెద్ద నౌక నా చేతికిచ్చి, పిట్టంత చిన్న నౌకలో తాను ముందు వెళ్లి చూసి చెప్తానన్నారు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక బయలుదేరాం. అయిదు గేట్లు దాటాను. ఆరోది ఆయన ముందుగా దాటి, పక్క కంప్యూటరు మీంచి నా భుజం మీద చెయ్యి వేశారు.

"అవతల ఒక్కడే ఉన్నాడు. ఊరికే నిలబడ్డాడు. పనున్నోడు అక్కడ నిలబడడు. తిరిగొచ్చీ."

"ఒక్కడే కదండీ!"

"ఒక్కడు కనబడతన్నాడు."

లెక్చరరుకి రాశాను. అందరూ గంటల తరబడి కూర్చున్నారు, రెండు గేట్లే మిగిలాయి, ముసలాయనకి నీడ చూసినా భయమేనా అని ఆయన జవాబు. తొమ్మిదిమందిలో ఆడపిల్లని, అందరికన్నా కొత్తదాన్ని. పిరికిదని అనిపించుకోవడం కన్నా నౌక పోగొట్టుకోవడమే నయమనిపించింది ఒక్క క్షణం. మరుక్షణం ఆ ఆలోచనే అసలు ముప్పని తోచింది. నౌకను వెనక్కి తిప్పాను.

ఆ సాయంత్రం జట్టులో ఎవరూ నాతో మాట్లాడలేదు. "అవతల నిజంగా దొంగలున్నారంటారా?" అని అడిగాను.

"తెల్దు. తెలిసే దారి కూడా నేదు. దొంగలున్నారని గట్టిగా తెలిసేది దొరికినోడికే," అన్నారు ఆయన, సెంటరు ఊడుస్తూ.

మూడో రోజు మళ్లీ వెళ్లాం. ఈసారి ఆయన పిట్ట ఆరో గేటు దాటగానే పదకొండు నౌకలు మీద పడ్డాయి. ఊపిరి తీసేలోగా అది పేలిపోయింది. నేను కెవ్వుమన్నాను. ఆయన నవ్వారు. "అది పోడానికే గదే ముందెళ్లింది! నువ్వు కదలకు. పేర్లు బేగి రాయి, నాకు సరిగ్గా అగుపించట్లేదు." పదకొండు పేర్లూ రాశాను.

తరువాత పది రోజులు మేమిద్దరం చేసింది ఒకటే పని. గంట గంటకీ చూసి, ఆ పదకొండుమందిలో ఎవరు ఎప్పుడు ఆటలో ఉంటున్నారో నోటుబుక్కులో గుర్తు పెట్టుకోవడం. పదో రోజుకి తేలింది, మనకి తెల్లవారే వేళ వాళ్లలో ఒక్కరూ ఉండరని. వాళ్ల దేశంలో అది నిద్రపోయే వేళ కాబోలు. పదకొండో రోజు పొద్దున్నే, కొండల మీది మంచు ఇంకా విడవకముందే, నేను చివరి రెండు గేట్లూ దాటాను. అటు ఎవరూ లేరు. ఏమీ జరగలేదు. "ఇంతేనా?" అని రాసింది జట్టులో ఉన్న ఫిలిప్పీన్స్ నర్సు.

"ఇంతే. మనకి కావల్సింది ఇదే అని సెప్పు," అన్నారు గార్డు గారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మూడోసారి రాసిన పరీక్షలో నాకు ఉద్యోగం వచ్చింది. ఈసారి లెక్కలతోనే మొదలుపెట్టాను. ఏజెన్సీలోనే ఒక దూరపు ఊళ్లో పోస్టింగు ఇచ్చారు. సెలవులకి వచ్చినప్పుడల్లా సెంటరుకి వెళ్లేదాన్ని. ఆయన కంటికి ఆపరేషన్ అయింది కాని, పొర వెనుక చూపు నరాన్ని తినేసే నీటికాసుల జబ్బు కూడా ఉందట. చూపు తగ్గుతూనే పోయింది. తెర ముందు నేను కూర్చుని చదివితే, పక్కన ఆయన విని చెప్పేవారు. ఒక దసరా సెలవుల్లో ఒక గేటు దగ్గర మూడు పేర్లు చదివాను.

"ఆగిపో," అన్నారు.

నేను మళ్లీ చూశాను. "లేదండీ, వెళ్లాలి."

అన్నేళ్లలో ఆయన మాటకి నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన తల నా వైపు తిప్పారు. "ఎందుకూ?"

"ఇద్దరు మనలాగే సరుకు మోసేవాళ్లు, నిన్న కూడా చూశాను. మూడోవాడు దొంగే, కాని ఒంటరిగా ఎప్పుడూ మీద పడడు. వాడి జట్టు వచ్చేలోగా దాటాలి. ఆగితేనే ముప్పు."

సరిగా కనబడని ఆయన కళ్లు మెరిశాయి. "మరింకా నాతో కబుర్లేటి? ఎల్లు!"

దాటాను. మరుసటి ఏడు ఆయన పోయారు. నాకు కబురు అందేసరికి చర్చి వెనుక సమాధి కూడా అయిపోయింది. జట్టుకి నేనే రాశాను. లెక్చరరు చాలాసేపటికి జవాబిచ్చాడు, "ఆ ఆదివారం వెనక్కి తిరిగినందుకు నేనాయనకి థాంక్స్ చెప్పలేదు," అని.

ఆ ఆట నేను మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఈ పాఠశాల హెడ్‌మిస్ట్రెస్‌గా నా చేతిలో ఉన్నది నూట ఎనభై మంది ఆడపిల్లలు. రెండేళ్ల కిందట వానలో ఒక మధ్యాహ్నం ఏడో తరగతి పిల్లకి జ్వరం తలకెక్కి మాట తడబడింది. ఆసుపత్రికీ మాకూ మధ్యన ఒక గెడ్డ, వానొస్తే పొంగే కొండవాగు. జీపు డ్రైవరు వాన తగ్గేదాకా ఆగుదామన్నాడు. వాచ్‌మన్‌ని మోటారుసైకిలు మీద ముందు పంపాను. వంతెన కింద నీళ్లు జానెడు దూరంలో ఉన్నాయని, కొండ మీద ఇంకా నల్లగా ఉందని వచ్చి చెప్పాడు. అందరూ నా మొహం చూశారు. భయం వేసింది, వేయలేదని అబద్ధం చెప్పను.

"ఆగితే దారి పోతుంది. ఎక్కండి," అన్నాను.

మేం దాటాక నీళ్లు ఎంత పెరిగాయో నేను వెనుదిరిగి చూడలేదు. పిల్ల తల నా ఒళ్లో ఉంది, నేను ముందరి దారి చూస్తున్నాను. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కల్లో కొంచెం వెనకబడి ఉంది. పొద్దున్నే, బడి గంట కొట్టక ముందు, ఒక గంటసేపు నా దగ్గర కూర్చోబెట్టుకుంటున్నాను.