జంగయ్యకు రక్తం లేదన్న రిపోర్టు

ఊళ్లో ఏ గోడ చూసినా జావా కోర్సు పోస్టర్లే ఉన్న రోజుల్లో, అనకాపల్లి నూకరత్నం సీతాఫల్‌మండిలో అద్దెకు దిగి, సైనిక్‌పురిలో ఓ మేడమీది కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరింది. అక్కడ టీమ్ లీడర్ తిరుమల్. మంచోడే గానీ, ప్రోగ్రాంలో ఎర్రర్ వస్తే బయటపడనీయకుండా మింగించేవాడు.

"ఎర్రర్ కనపడకుంటే కస్టమర్ పరేషాన్ గాడు," అనేవాడు. అదే ఆయన వేదం.

వాళ్లు ఓ రక్తపరీక్షల ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ రాశారు. బ్రాంచిలో మీట నొక్కితే, సికింద్రాబాద్‌లోని మెయిన్ ల్యాబ్ కంప్యూటర్ రిపోర్టును నెట్‌వర్క్ మీద పోయేలా మూటగట్టి బ్రాంచికి పంపాలి. ఓ రోజు ఆ మూట కట్టడం కుదరలేదు. వచ్చిన ఎర్రర్‌ని తిరుమల్ కోడ్ గుటుక్కున మింగి, ఓ ఖాళీ రిపోర్టును ముందుకు తోసింది. ఖాళీ అంటే, ప్రతి గడిలోనూ సున్నాలే.

అది అందుకున్నవాడు ఆటో జంగయ్య. ల్యాబ్ ఓనరు విమలమ్మ అతని ఆటోలోనే కంపెనీ మీదికొచ్చి పడింది.

"హిమోగ్లోబిన్ సున్నా అంట! రక్తం లేకుంటనే ఆటో నడుపుకుంట వచ్చిన్నా సార్? పొద్దటి సంది ఇంటామె ఏడ్వబట్టె," అన్నాడు జంగయ్య.

"నెట్‌వర్క్ తక్లీఫ్ అన్నా," అన్నాడు తిరుమల్ తొణక్కుండా.

నూకరత్నానికి ఒళ్లు మండింది. "నెట్‌వర్కూ లేదు, నా బొందా లేదు! ఏటండీ ఈ మింగుడు?" అంటూ కోడ్‌లో ఎర్రర్ని మింగే లైన్లు పీకేసి, రిపోర్టును మళ్లీ అడిగింది. ఎర్రర్ తెర నిండా పరుచుకుంది. రిపోర్టులో ఎవరో ప్రింటర్ కనెక్షన్ ఇరికించారు. కాగితం మీది అంకెల్ని మూటగట్టొచ్చు గానీ, పనిచేస్తున్న ప్రింటర్ లైన్ని ఎవడు మూటగడతాడు?

ఇరికించిన మహాతల్లి నూకరత్నమే. రిపోర్టు దానంతటదే ప్రింటైపోతుందని ముచ్చటపడి, ముందురోజే చేర్చింది.

"చూసినవా రత్నం? నీ ఇజ్జత్ పోవద్దనే మింగిన," అన్నాడు తిరుమల్.

ఆమె మొహం కందగడ్డయింది. ప్రింటర్‌ని వదిలేసి అంకెల్నే మూటగట్టమని బ్రాంచిలోనూ, మెయిన్ ల్యాబ్‌లోనూ కోడ్ మార్చింది. జంగయ్య రిపోర్టు నిండుగా వచ్చింది. రక్తం భేషుగ్గా ఉంది, షుగరే ఆకాశంలో ఉంది.

"గా సున్నాలే మంచిగుండె," అని గొణుక్కుంటూ అతను మెట్లు దిగాడు.

కానీ ఆమె కచ్చ తీరలేదు. ఇకపై మూట చెడితే ఖాళీ రిపోర్టు పోకూడదు, తెర మీద ఓ మాట పడాలి: "రిపోర్టు రాలేదు. తిరుమల్‌కు ఫోన్ చేయండి." కింద ఆయన సెల్ నంబరు. అలాగే కోడ్‌లో రాసిపెట్టింది.

వారం తిరక్కుండా, ఫోన్ల మోతకు తాళలేక, తిరుమల్ ఎర్రర్లు మింగడం మానేసి సరిచేయడం మొదలెట్టాడు.