జ్వరం అని రాసి వెళ్ళిపోయిన టీచరమ్మ

మా ఎదురింటి ఇంగ్లీషు టీచరమ్మ శుక్రవారం తెల్లవారకముందే కన్నుమూశారు. పాలు పోసే ఆమె గేటు దగ్గర నిలబడి ఆ మాట చెప్పినప్పుడు నేను ఆమెను కసిరాను. టీచరమ్మకు జ్వరం, అంతే, లేనిపోనివి పుట్టించకు అన్నాను. ముందు రోజు సాయంత్రమే ఆవిడ తన దగ్గర చదువుకునే ఆడపిల్లలందరికీ ఫోన్లో రాసి పంపారు, ఈ రోజు క్లాసు లేదు, నాకు జ్వరం అని. నా మనవరాలు అది నాకు చూపించింది. ఇంకెవరు రాసినా నేను నమ్మేదాన్ని కాదు. కానీ జ్వరం అనే అబద్ధం మీద ఏళ్ళ తరబడి పోరాడిన మనిషి జ్వరం అని రాస్తే, అది జ్వరమే అనుకున్నాను.

అది జ్వరం కాదు. రొమ్ములో గడ్డ. కోలారు పక్కన తమక అనే ఊరి నుంచి వచ్చిన వాళ్ళ చెల్లెలు శవం పక్కన కూర్చుని చెప్పింది. చాలా కాలంగా ఉందట. ఆ చెల్లెలికి కూడా చేయి దాటిపోయాకే తెలిసిందట. ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే పిల్లోళ్ళు పాఠానికి రారు, నన్ను చూసేదానికొస్తారు అన్నిందమ్మా" అంది. ఆ కారణం నాకు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోవడం లేదు. దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది, అది ఇంకా తగ్గలేదు. పోయినవారి గురించి రాసేటప్పుడు ఉండవలసినంత మెత్తదనం ఇందులో కనబడకపోతే పాఠకులు క్షమించాలి.

ఆవిడ కోలారు బంగారు గనుల కార్మికుల పిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. గనులు మూతపడ్డాక మా కోరమండల్ పేటలో పని చేసే వయసున్న వాళ్ళు తెల్లవారుతూనే బంగారుపేట మీదుగా బెంగళూరుకు రైలెక్కాలి, లేదా కంపెనీ బస్సులో ఏదో ఒక ఫ్యాక్టరీకి పోవాలి. అక్కడ వాళ్ళను అడిగేవన్నీ 'ఎందుకు' ప్రశ్నలే. ఎందుకు ఆలస్యం, ఎందుకు రాలేదు, ఎందుకు చెడిపోయింది. నోరు తెరవలేక తల వంచుకుని నిలబడ్డ పిల్లదే తప్పని తేలిపోతుంది. అది చూడలేకే టీచరమ్మ సాయంత్రాలు తన వసారాలో చాప పరిచి కూర్చునేవారు. ఇంగ్లీషంతా నేర్పుతానని ఎప్పుడూ అనలేదు. కారణం చెప్పడం నేర్పుతానన్నారు.

కొత్తగా వచ్చిన పిల్లను మొదట ఒక సెలవు చీటీ రాయమనేవారు. ఏ బడిలో చదివిన పిల్లయినా ఒకటే రాసేది, 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. చిన్నప్పుడు బట్టీ పట్టిన వాక్యం. పెళ్ళికి పోయినా ఫీవరే, రైలు తప్పినా ఫీవరే, ఇంట్లో మామిడికాయలు కోయించినా ఫీవరే. "ఊరు ఊరంతా జ్వరంతో ఉండాదక్కా, మాత్రలిచ్చేదాన్ని నేనొక్కదాన్నే" అని నాతో అనేవారు.

తెలుగులో మనం కారణంతో మొదలుపెట్టి విషయానికి చేరతాం. ఇంగ్లీషువాళ్ళు మామూలు మాటల్లో విషయం ముందు పెట్టి, కారణం దాని వెనుక తగిలిస్తారు. ఇది ఆవిడ చెప్పిన తీరు నాకు గుర్తుంది. ఆలస్యం ఎందుకైందో చెప్పమంటే నా మనవరాలు ముందు రోజు కొళాయి రాకపోవడం దగ్గర మొదలుపెట్టింది. బిందె పట్టుకుని వీధి చివరికి పోవడం, అక్కడ జగడం, జడ వేసుకోవడానికి పొద్దు లేకపోవడం, అన్నీ చెబుతుంటే టీచరమ్మ గోడకు ఆనుకుని గురక పెట్టారు. పిల్లలు పడిపడి నవ్వారు. ఆవిడ కళ్ళు తెరిచి, "నీ సూపర్‌వైజరు బిందె కాడే లేచి పొయినాడు పాపా. విషయం ముందర పెట్టల్ల, కారణం ఎనక" అన్నారు. ఆలస్యమైంది, బికాజ్ బస్సు తప్పింది. లేదంటే, బస్సు తప్పింది, సో ఆలస్యమైంది. ఈ రెండు చిన్న మాటలతోనే వాళ్ళకు రోజంతా గడిచిపోతుందని, 'డ్యూ టు', 'ఓయింగ్ టు' వంటి వాటిని రైల్వే స్టేషన్ మైకుకు వదిలేయమని చెప్పేవారు.

ఇందులో నాకూ ఆవిడకూ తగాదా. నేను ఆఫీసులో లెక్కలు చూసినదాన్ని. 'ఇన్ వ్యూ ఆఫ్ ది అబవ్' అని లేని ఉత్తరం మా బల్ల దాటి పోయేది కాదు. భాషను ఇంత చిల్లరగా నేర్పితే ఆ పిల్లలకు మర్యాద ఎట్లా తెలుస్తుందని అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. "మీ ఇంగ్లీషు పట్టుచీరక్కా, బాగుండాది. అది కట్టుకొని బోకులు తోమలేము" అన్నారు.

సూటిగా 'వై' అని అడగడం ఆ దేశాల్లో దబాయింపులా వినిపిస్తుందని, స్నేహంగా అడగాలంటే 'హౌ కమ్' అంటారని కూడా ఆవిడ దగ్గరే విన్నాను. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న కారణమైతే 'ద థింగ్ ఈజ్' అని ఒక్క క్షణం ఆగుతారట. ఆ ఆగడం ఆవిడకు చాలా ఇష్టం. ఆ మాత్రం ఆగవచ్చు, ఆ తరువాత నిజమే చెప్పాలి అనేవారు.

తాను కూడా అట్లాగే ఉండేవారు. పెరుగు తోడుకు వచ్చినా గడప దగ్గరే వచ్చిన పని చెప్పి లోపలికి వచ్చేవారు. ఈ వేసవిలో మాత్రం కొన్నిసార్లు వచ్చి, ఏమీ అడగకుండా కూర్చుని, పమిట రెండు భుజాల మీదుగా కప్పుకుని లేచిపోయారు. ఏం టీచరమ్మా, ఏం పని మీద వచ్చారు అని అడిగితే, "ఊరికే వచ్చినానక్కా" అన్నారు. మళ్ళీ అడిగాను. నవ్వారు.

ఆవిడ పోయే వారంలో మా ఇంట్లో ఒక చిక్కు నడుస్తోంది. నా మనవరాలు బెంగళూరు దారిలో నరసాపుర వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తుంది. వాళ్ళ అమ్మకు, అంటే నా కోడలికి, ఆగకుండా రక్తస్రావమై కళ్ళు తిరిగి పడిపోతే, ఆ పిల్ల పని మానేసి ఆసుపత్రికి తీసుకుపోయింది. మగవాడైన సూపర్‌వైజరుకు ఆ మాట చెప్పలేక, జ్వరం అని రాసి ఇచ్చింది. జ్వరానికి డాక్టరు చీటీ తెమ్మన్నారు. లేదు. సోమవారం వచ్చి మేనేజరు మేడమ్‌కు సంజాయిషీ చెప్పాలి, లేకపోతే పేరు కొట్టేస్తామన్నారు. ఆ మేడమ్‌కు మన భాషలేవీ రావు. కోడలేమో తన సంగతి బయట అనవద్దని ఒకటే పట్టు. మళ్ళీ పరీక్షకు రమ్మని డాక్టరు చెప్పినా పోలేదు.

ఇదంతా విని టీచరమ్మ మా వంటింటి గుమ్మంలో నిలబడి కోడలిని అడిగారు. "జొరమైతే మానమా? రక్తం పోతే అవమానమా? ఎవరు చెప్పినారమ్మా నీకు ఇది?" కోడలు పొయ్యి వైపు తిరిగింది. ఆదివారం నా కాడికి రా పాపా, కూర్చొని సరిచేద్దాం అని మనవరాలికి చెప్పి వెళ్ళిపోయారు. అప్పటికి ఆ గడ్డ ఆవిడ పమిట కింద ఉంది. ఆ ప్రశ్న ఆవిడ ఎవరిని అడిగారో నాకు ఇప్పుడు తెలియడం లేదు.

ఆదివారం ఆ వసారాకు తాళం వేసి ఉంది. సంజాయిషీ నేనే తయారు చేస్తానని కూర్చున్నాను. 'ఓయింగ్ టు అనవాయిడబుల్ డొమెస్టిక్ సర్కమ్‌స్టాన్సెస్' అని చెప్పి, రాసుకోమన్నాను. పిల్ల రాయలేదు.

"అవ్వా, ఇదీ జొరమే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి ఎదుట కూర్చుంది. శవం దగ్గర ఆ చెల్లెలు చెప్పినదంతా తానూ విన్నది. "ఉండేది ఉండేట్టే చెప్పు" అంది.

సోమవారం పిల్ల చెప్పింది. నేను పనికి రాలేదు, ఎందుకంటే మా అమ్మకు రక్తం పోతూ ఉండింది. జ్వరం అని రాసినాను, ఎందుకంటే సిగ్గుపడినాను. ఇంగ్లీషులో ఆ రెండే వాక్యాలట. అబద్ధం రాసినందుకు ఆ మేడమ్ గట్టిగానే మందలించి, పనిలోకి పొమ్మని, తలుపు దగ్గరికి పోయాక వెనక్కి పిలిచి, ఇప్పుడు మీ అమ్మకు ఎట్లా ఉంది అని అడిగిందట. పిల్ల దగ్గర ఆ ఒక్కదానికి జవాబు లేకపోయింది. ఇంటికి వచ్చి ఆ ప్రశ్న వాళ్ళ అమ్మ ముందు పెట్టింది.

మర్నాడు కోడలిని నేనే కోలారు ఆసుపత్రికి తీసుకుపోయాను. చీటీలు ఇచ్చే కిటికీ దగ్గర ఆడా మగా ఒకే వరుస. దారి పొడవునా, ఇక్కడ వరుసలోనూ నాకు టీచరమ్మ మీద కోపమే. ఈ వరుసలో నిలబడడానికి ఆవిడకు ఏం తక్కువైంది, తోడు రమ్మంటే నేను రానా, మా వీధిలో ఎవరు రారు అని. మా వంతు వచ్చింది. లోపల కూర్చున్న అబ్బాయి తల ఎత్తకుండా, ఏమైందమ్మా అని అడిగాడు. నేను నోరు తెరవబోతే కోడలు నా చేయి పట్టుకుని ఆపింది. వెనుక నిలబడ్డ మగవాళ్ళకు వినబడేటట్టే, ఎక్కడి నుంచి రక్తం పోతోందో, ఎప్పటి నుంచి పోతోందో చెప్పింది.

ఆ అబ్బాయి రాసుకున్నాడు. చీటీ చించి కిటికీ కింద నుంచి తోశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకేదో జరుగుతుందని ఎదురుచూస్తున్నట్టు ఆమె చీటీ పట్టుకుని అక్కడే నిలబడింది. చివరికి వెనుక ఉన్న పెద్దాయన, కొంచెం జరగమ్మా, అన్నాడు. జరిగింది.