పోలయ్య దించని కడ్డీలు

రిటైరై పాత కాగితాలు సర్దుకుంటుంటే ఉద్యోగం తొలి రోజుల్లోని ప్రయోగాల కొలతల పుస్తకం ఒకటి దొరికింది. ఆ వారమే మైపాడుకు బయలుదేరాను. చెన్నై సెంట్రల్‌లో రైలు ఉదయం ఏడున్నరకు కదిలింది. సూళ్లూరుపేట దాటాక ఇడ్లీ తిన్నాను, చట్నీ పలచన.

నేను వెళ్తున్నది పోలయ్య ఇంటికి. ఇరవై ఏడేళ్ల కిందట మా పరిశోధనశాలలో కాంట్రాక్టు టెక్నీషియన్ అతను. నేను చేరి రెండేళ్లయిన శాస్త్రవేత్తను. నీళ్ల తొట్టెలో యురేనియం కడ్డీలు దించుతూ, మధ్యలో పెట్టిన చిన్న మూలం నుంచి వచ్చే న్యూట్రాన్లు ఎన్ని రెట్లవుతున్నాయో లెక్కపెట్టేవాళ్లం. గొలుసు చర్య తనంతట తాను సాగే హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో ఆ లెక్కే చెబుతుంది. హద్దు చేరకముందే ఆగాలి.

ఒకరోజు లెక్క పెద్దగా పెరగలేదు. ఇంకా చాలా దూరం ఉందనుకుని మరో నాలుగు కడ్డీలు దించమన్నాను. పోలయ్య దించనన్నాడు. న్యూట్రాన్లను లెక్కపెట్టే డిటెక్టర్ మూలానికి మరీ దగ్గరగా ఉందని, కడ్డీల్లో కొత్తగా పుట్టేవి దాని లెక్కలో కనబడటం లేదని అన్నాడు. నాకు కోపం వచ్చింది. చెప్పిన పని చేయలేదని పైవాళ్లకు ఫిర్యాదు రాశాను. మర్నాడు డిటెక్టర్ దూరం జరిపి కొలిస్తే, ఆ నాలుగూ వేసి ఉంటే హద్దు దాటేవాళ్లమని తేలింది. డిటెక్టర్ జరపాలన్న ఆలోచన నాదేనని నివేదికలో రాసుకున్నాను. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అతని కాంట్రాక్టు పొడిగించలేదు.

నెల్లూరులో దిగేసరికి పదిన్నర. పదకొండుంబావు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇందుకూరుపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలే. ఖాళీ చేపల గంప ఒళ్లో పెట్టుకున్న ఆమె ఎవరింటికని అడిగితే చెప్పాను.

“వలలు బాగుచేసే పోలయ్యా? ఏందో తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకొని వచ్చినాడంట,” అంది మామూలుగా.

నేను గుంటలు చూస్తూ కూర్చున్నాను.

పన్నెండుంబావుకు అతని ఇల్లు చేరాను. పంచలో వల పరుచుకుని కూర్చున్నాడు. చూడగానే గుర్తుపట్టి కుర్చీ వేశాడు. నేను పుస్తకం తీసి చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

“నాకు తెలిసిందే గదా మేడమ్. మా ఆడమనిషి ముందర చెప్పండి.”

భార్య రమణమ్మను పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, నివేదికలో రాసుకున్న అబద్ధంతో సహా. ఆమె ఒక్కటే అడిగింది.

“ఈయన ఆపకుంటే ఏమయ్యేది?”

“అక్కడ నలుగురం ఉన్నాం. మా ప్రాణాల మీదికి వచ్చేది,” అన్నాను.

ఆమె భర్త వైపు తిరిగింది. “నువ్వు చెప్తానే ఉండావు. నేను నమ్మలా.”

పోలయ్య వలలో తెగిన చోట దారం ముడి వేస్తూ ఉండిపోయాడు.

ఒంటిగంటకు చేపల పులుసుతో భోజనం. రమణమ్మ ముందు అతనికి వడ్డించి, తర్వాత నాకు పెట్టింది. నాతో మళ్లీ మాట్లాడలేదు. తిన్నాక, జరిగిందంతా ఒప్పుకుంటూ పరిశోధనశాలకు రాసి సంతకం చేసిన ఉత్తరం పోలయ్యకు చూపించాను. రెండుసార్లు చదివి, పంపమన్నాడు.

రెండున్నర బస్సెక్కాను. ఈ దారిన వెళ్లేవారు మధ్యాహ్నమే తిరుగు బస్సు పట్టుకోవడం మంచిది, తర్వాతి వాటిలో కాలు పెట్టే చోటు ఉండదట. నెల్లూరులో ఉత్తరం రిజిస్టరు పోస్టు చేసి సాయంత్రం రైలెక్కాను. మైపాడు దాకా వెళ్లినా సముద్రం చూడలేదు. ఆ పంచలో కూర్చుంటే చప్పుడు మాత్రం వినిపించింది.

చెప్పేస్తే తేలికపడతానని అనుకున్నాను. గూడూరు దాటినా అలాంటిదేమీ జరగలేదు. ఆనాటి ఫిర్యాదులో నేను రాసింది మూడు వాక్యాలు. ఇరవై ఏడేళ్లు ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఉన్నది అవే.