ఒంటిగొట్టం తుపాకీ

హుకుంపేట సంతలో గునపం కొన్నా సరే, పాంగి చిలకమ్మ ముందు దాన్ని భుజాన పెట్టుకుని నాలుగడుగులు నడిచి చూస్తుంది. నిరుడు అడవిపందులు చోడిచేనంతా తినేశాయి. మోకాళ్ళు పట్టేసిన మొగుడు మంచె ఎక్కలేడు కనుక ఈ ఏడు కాపలా ఆమెదే. లైసెన్సు వచ్చాక విశాఖపట్నం దుకాణంలో చౌకరకం ఒంటిగొట్టం తుపాకీని కూడా అలాగే భుజాన మోసి చూసింది.

"ఇదే సాలు బాబూ, సంటిదాన్ని ఎత్తుకున్నట్టుంది."

దుకాణదారు నవ్వి, రెండుగొట్టాలది ముందుకు జరిపాడు. "అది ఒక్కసారే పేలుతాది. గురి తప్పితే పంది నీకోసం ఆగుతాదేటమ్మా?"

"సప్పుడుకే పారిపోద్ది. రెండో గుండుంటే సంపాలని బుద్ధి పుడతాది. దాని ఎనకాల పిల్లలుంటాయి కదా!"

ఆ ఏడు మంచె మీద తుపాకీ ఆకాశంలోకే మోగింది. చేను నిలబడింది. గట్టు దాకా వచ్చి వెనక్కి మళ్ళిన చిన్నచిన్న గిట్టల గుర్తులు చూసి, కోతలనాడు చిలకమ్మ ఆ మూల కంకులు కోయకుండా వదిలేసింది.